ఎన్ని పేపర్లున్నాయి సార్?

అప్పా కూడలి దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మర్రి చెట్ల నీడన రెండు రకాల బోర్డులు ఎక్కువగా కనబడతాయి. ఒక రకం ప్లాట్లవి, ఫామ్‌హౌస్‌లవి. ఇంకో రకం మెడికల్ కాలేజీలవి. యెంకపల్లిలో భాస్కర్ మెడికల్ కాలేజీ, అజీజ్‌నగర్‌లో డాక్టర్ వీఆర్‌కే మహిళా వైద్య కళాశాల, కనకమామిడిలో అయాన్, చేవెళ్లలో డాక్టర్ పట్నం మహేందర్‌రెడ్డి వైద్య సంస్థ. కూరగాయలకూ పూలకూ పేరుపడ్డ ఈ రెండు మండలాలు ఇప్పుడు డాక్టర్లను తయారుచేస్తున్నాయి. డాక్టర్లతో పాటు పరిశోధన పత్రాలనూ తయారుచేస్తున్నాయి.

వైద్య కళాశాల అన్నాక మనోవైద్య విభాగం ఉండి తీరాలి. అక్కడ మందు రాసేది సైకియాట్రిస్టు. పరీక్షలు పెట్టి, మాట్లాడి, మాటలతోనే చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. ఆ గదిలోకి వచ్చిన తల్లి అడిగేది ఒకటే: ‘మా పోరడు మంచిగైతడా మేడం?’ అదే సైకాలజిస్టును ఉద్యోగ ఇంటర్వ్యూలోనో పదోన్నతి కమిటీలోనో కూర్చోబెడితే వినబడే ప్రశ్నలు వేరు. ఎన్ని పేపర్లున్నాయి? స్కోపస్‌లో ఉన్నవెన్ని? సైటేషన్లు ఎన్ని? హెచ్-ఇండెక్స్ ఎంత?

తల్లి ప్రశ్నకూ కమిటీ ప్రశ్నకూ మధ్య ఎడం అన్ని శాస్త్రాల్లోనూ ఉంటుంది. క్లినికల్ సైకాలజీలో ఉన్నంత ఎడం మాత్రం ఇంకెక్కడా లేదని నా నమ్మకం. అందుకు రుజువు వెతుక్కుంటూ విదేశాలకు పోనక్కర్లేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దాకా వెళ్తే చాలు.

అంకె ఎట్లా పుట్టింది

ఒక పరిశోధకుడు రాసిన వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. దీన్ని లెక్కగట్టే పనిని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ ఒక పద్ధతిలోకి తెచ్చారు. 1964లో ఆయన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ వెలువడింది. దాని ఉద్దేశం చాలా సాదా: ఒక పాత వ్యాసం చేతిలో ఉంటే, ఆ తర్వాత దాన్ని వాడుకున్న కొత్త వ్యాసాలేమిటో తేలిగ్గా దొరకాలి. అంటే అది గ్రంథాలయంలో వెతుకులాటకు పుట్టిన పనిముట్టు. మనుషులకు ర్యాంకులివ్వడం దాని పని కాదు.

1975 నుంచి జర్నళ్లకు సగటు సైటేషన్లు చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకెలు ప్రచురించడం మొదలైంది. 2004లో సైటేషన్లను లెక్కగట్టే స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ వచ్చాయి. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. ఒకరి హెచ్-ఇండెక్స్ 10 అంటే, ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన వ్యాసాలు పది ఉన్నాయని. దీని ప్రకారం జీవితమంతా పెట్టి ఒకే ఒక్క గొప్ప వ్యాసం రాసి, దానికి పదివేల సైటేషన్లు వచ్చినవారి హెచ్-ఇండెక్స్ ఎంత? ఒకటి!

మన తెలుగువాడి చరిత్రే ఇక్కడ గుర్తుకొస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రాసిన వ్యాసం శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని చెబుతుంది. తర్వాత గార్‌ఫీల్డ్ కూర్చిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లోకి ఎక్కిన వ్యాసమది. ప్రపంచంలో ఏ మూల ప్రయోగశాల అయినా ఈ పద్ధతిలో ఫాస్ఫరస్ కొలిస్తే ఫిస్క్-సుబ్బారావు పేరు రాయాల్సిందే. అంతటి వ్యాసం రాసిన మనిషికి హార్వర్డ్ శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు.

ఆ వ్యాసానికి అన్ని సైటేషన్లు రావడానికి కారణం అది ఒక కొలత పద్ధతి కావడం. పని జరిగిన ప్రతిచోటా పనిముట్టు పేరు చెప్పాలి. సైకాలజీలోనూ ఇదే తీరు. ఆరన్ బెక్ 1961లో ఇచ్చిన డిప్రెషన్ ప్రశ్నావళి, 2001లో క్రోయెంకె, స్పిట్జర్, విలియమ్స్ ప్రచురించిన తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఈ శాస్త్రంలో సైటేషన్ల కొండలు. మనసు గురించి గొప్ప సిద్ధాంతం చెప్పినవారికన్నా మనసును కొలిచే కాగితం ఇచ్చినవారికే అంకెలు ఎక్కువ.

అట్లాంటప్పుడు మన దగ్గర కొలత కాగితాలు తయారుచేసినవాళ్లకు కూడా అంతే పేరు రావాలి కదా?

మనోవికాస్ నగర్ కాగితాలు

1984లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. చుట్టుపక్కల అందరికీ అది ‘ఎన్ఐఎంహెచ్’. ఆ ఆవరణకు మనోవికాస్ నగర్ అని పేరు. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అప్పట్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని పరీక్షించడానికి మన దేశంలో ఉన్నవి చాలావరకు బయటినుంచి వచ్చి మార్పులు చేసుకున్న పరీక్షలు. వి.వి.కామత్ 1930లలో బినే పరీక్షను మార్చింది కన్నడ, మరాఠీ పిల్లల కోసం. వైన్‌ల్యాండ్ స్కేల్ అమెరికాలో ఎడ్గర్ డాల్ 1935లో చేసింది, నాగపూర్‌లో ఎ.జె.మలిన్ దాన్ని 89 అంశాలకు కుదించి మన పిల్లలకు తగ్గట్టు మార్చారు. తెలుగు పిల్లవాడి ముందు కూర్చున్న సైకాలజిస్టు అప్పటికప్పుడు నోటితోనే తర్జుమా చేసుకుంటూ అడగాల్సి వచ్చేది.

పైగా ఆ పరీక్షలు చెప్పేది ఒక్క అంకె. ఐక్యూ 45. సరే, ఆ 45ను ఇంటికి తీసుకెళ్లి తల్లి ఏం చేసుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చిందే 1992లో రీటా పెషావరియా, ఎస్.వెంకటేశన్ ఎన్ఐఎంహెచ్ తరఫున ప్రచురించిన ‘బేసిక్-ఎంఆర్’. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇందులో ఉన్న తెలివి జాబితాల్లో కనిపించేది కాదు. మొదటి భాగంలో ఏడు విభాగాలు: కదలికలు, రోజువారీ పనులు, భాష, చదవడం-రాయడం, లెక్కలు-టైము, ఇంటిపనులు-నలుగురిలో మెలగడం, డబ్బు-పనికి సన్నద్ధత. విభాగానికి 40 అంశాల చొప్పున మొత్తం 280. ఒక్కో అంశానికి ఐదు దాకా మార్కులు. పిల్లవాడు చొక్కా గుండీ పెట్టుకోవడమే తీసుకుందాం. తనంతట తాను పెట్టుకుంటే 5. చిన్న సైగ చేస్తే పెట్టుకుంటే 4. ‘గుండీ పెట్టుకో నాన్నా, ఇప్పుడు రంధ్రంలోంచి లాగు’ అని నోటితో చెప్తుంటే చేస్తే 3. చెయ్యి పట్టుకుని చేయిస్తే 2. పూర్తిగా మనమే పెట్టాల్సి వస్తే 1. ఆ పిల్లవాడికి అసలు వర్తించని పని అయితే సున్నా. మొత్తం 1,400.

ఈ మార్కుల్లోనే చికిత్స ఉంది. ‘మీవాడికి బుద్ధి తక్కువ’ అని తేల్చి పంపించే పరీక్ష కాదిది. మూడు నెలల కింద చెయ్యి పట్టుకుంటే తప్ప కదలనివాడు ఇవాళ మాట చెప్తే చేస్తున్నాడంటే రెండు మూడైంది. తల్లికి కనబడేది ఆ మూడు. తర్వాత ఏం నేర్పాలో టీచరుకు చెప్పేదీ ఆ మూడే. రెండో భాగంలో కొట్టడం, వస్తువులు విసిరేయడం, తనను తాను గాయపరుచుకోవడం లాంటి 75 ప్రవర్తనలు పది విభాగాల్లో ఉంటాయి. అసలు లేకపోతే సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు. దేశంలో ప్రత్యేక పాఠశాలల టీచర్లు తరాల తరబడి ఈ పట్టిక పట్టుకునే పని నేర్చుకున్నారు. వెంకటేశన్ తర్వాత మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్లి అక్కడ క్లినికల్ సైకాలజీ ప్రొఫెసర్‌గా చాలాకాలం పనిచేశారు. తల్లిదండ్రుల కోసం, టీచర్ల కోసం శిక్షణ పుస్తకాలు రాశారు.

అదే సంస్థ నుంచి వచ్చిన ఇంకో కాగితం ఆటిజం కోసం చేసిన భారతీయ స్కేలు, ‘ఐసా’. నలభై అంశాలు, ఆరు విభాగాలు. ఒక్కోదానికి 1 నుంచి 5. అడిగే తీరు ఇట్లా ఉంటుంది:

‘పేరు పెట్టి పిలిస్తే మీ కళ్లల్లోకి చూస్తాడా అమ్మా?’

‘సూస్తడు మేడం. గని ఎప్పుడో ఒకపారి. ఎక్కువ ఫ్యాను దిక్కే సూస్తడు.’

‘పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు చూస్తాడు?’

‘ఒకపారి, రెండుపార్లు.’

ఆ ‘ఒకపారి, రెండుపార్లు’ను అంకెగా మార్చడంలో ఉంది నైపుణ్యమంతా. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 మార్కులంటే 40 శాతం వైకల్యం. ఆ 40 శాతమే గీత. పింఛను, బస్ పాస్, రిజర్వేషన్, ఏది కావాలన్నా ఆ గీత దాటాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఐసా ఆధారంగా ఆటిజం ధ్రువపత్రం ఇచ్చే మార్గదర్శకాలను నోటిఫై చేసింది. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది.

చేవెళ్ల మండలంలో ఒక ఇంటికి నెలకు 4,016 రూపాయల దివ్యాంగుల పింఛను వస్తోందంటే, ఆ పిల్లవాడికి ఆటిజం అయితే, దాని వెనక బోయిన్‌పల్లిలో కొందరు మనస్తత్వ నిపుణులు కూర్చుని ఒక్కో ప్రశ్న రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన పని ఉంది. ఇంతకన్నా పెద్ద ‘ఇంపాక్ట్’ ఏ శాస్త్రవేత్తకు కావాలి?

ఈ పనికి సైటేషన్ల లెక్కలో వచ్చేది బహు తక్కువ. బేసిక్-ఎంఆర్ సంస్థ సొంతంగా అచ్చేసిన మాన్యువల్. ఐసా ప్రభుత్వ ప్రచురణ. స్కోపస్ లెక్కగట్టేది ప్రధానంగా జర్నళ్లను, కొన్ని పెద్ద ప్రచురణ సంస్థల పుస్తకాలను. గూగుల్ స్కాలర్ కొంత ఉదారంగా ఉన్నా, అది పట్టుకోగలిగేది మరొక వ్యాసం చివర రిఫరెన్సుగా రాసినప్పుడే. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ఇచ్చిన ధ్రువపత్రం కింద రిఫరెన్సులుండవు. ప్రత్యేక పాఠశాలలో టీచరు గోడకు అంటించిన పట్టికకు వ్యాసాలకిచ్చే డీఓఐ గుర్తింపు నంబరుండదు. కేంద్ర గెజిట్‌లో స్కేలు పేరు అచ్చయినా అది ఎవరి హెచ్-ఇండెక్స్‌నూ పెంచదు.

ఒక్క మనిషి, రెండు పేర్లు

పేర్ల తిప్పలు ఇంకొకటి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పాశ్చాత్య జాబితాలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. రెడ్డి, రావు, కుమార్, ప్రసాద్ అనే ‘ఇంటిపేర్ల’తో వేలమంది ఒకే కుప్పలో పడిపోతారు. 1998లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌కు చెందిన గణాంక నిపుణుడు ఎం.వెంకటస్వామి రెడ్డి, మనోవైద్యుడు సి.ఆర్.చంద్రశేఖర్ కలిసి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ’లో ఒక వ్యాసం రాశారు. దేశంలో అప్పటిదాకా జరిగిన 13 సర్వేలను, 33,572 మంది వివరాలను ఒకచోట చేర్చి, వెయ్యిమందిలో 58.2 మందికి మానసిక సమస్యలున్నాయని తేల్చారు. దేశంలో మానసిక ఆరోగ్యం మీద ఏ వ్యాసం తెరిచినా చాలాకాలం ఈ అంకె కనబడేది. ఆ మొదటి రచయిత పేరు ఒక వ్యాసంలో ‘రెడ్డి వి.ఎం.’ అనీ, ఇంకో వ్యాసంలో ‘రెడ్డి ఎం.వి.’ అనీ ఉంటుంది. యంత్రానికి వాళ్లు ఇద్దరు. 2012లో వచ్చిన ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు దీన్ని కొంత సరిదిద్దింది. కానీ అది రాకముందే రిటైరైనవాళ్ల పని ఇప్పటికీ చెదిరే ఉంది. వాళ్ల విద్యార్థులన్నా పూనుకుని సరిచేయాలి.

ఏటా వచ్చే ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల’ జాబితా చూస్తుంటాం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ లెక్కల నుంచి దాన్ని తయారుచేస్తుంది. మన జిల్లా ఎడిషన్లలో ఆ జాబితాలోని పేర్లు ఫొటోలతో వస్తాయి, కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. అది శ్రద్ధగా చేసిన జాబితా. సొంత వ్యాసాలను తామే ప్రస్తావించుకున్న సైటేషన్లను వేరుచేసి కూడా చూపిస్తుంది. దాన్ని చేసినవారిని తప్పుపట్టలేం. కానీ అందులో లేనివారు ఏమీ చేయలేదని అనుకోవడం మాత్రం మన తప్పే. మాన్యువల్ రాసిన మనిషికి ఆ జాబితాలో చోటు దొరకడం చాలా కష్టం.

అంకె కోసం ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో హైదరాబాద్‌కు తెలిసినంత బాగా ఇంకే ఊరికీ తెలియదు. వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ ఇంటర్నేషనల్ ఈ నగరం నుంచే పనిచేసింది. సరైన సమీక్ష లేకుండానే వ్యాసాలు వేస్తోందని, రుసుము సంగతి ముందు చెప్పకుండా తర్వాత వసూలు చేస్తోందని, పేరున్న శాస్త్రవేత్తలను అడగకుండానే సంపాదకులుగా చూపిస్తోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. ‘డబ్బు కడితే వారంలో పేపర్’ అనే మెయిళ్లు ఇప్పటికీ మన పరిశోధకుల ఇన్‌బాక్సుల్లోకి వస్తూనే ఉన్నాయి. పదోన్నతికి ఇంకో పేపర్ తక్కువైన యువ అధ్యాపకుడికి ఆ మెయిలు ఎంత ఆశ చూపుతుందో ఊహించవచ్చు. ఆ ఆశలో పడ్డవాణ్ని తిట్టేముందు, పేపర్ల సంఖ్యనే అడిగిన కమిటీని నిలదీయాలి.

ఈ రోడ్డు మీద జరగాల్సిన పరిశోధన

నేను సైటేషన్లకు వ్యతిరేకిని కాను. వెంకటస్వామి రెడ్డి, చంద్రశేఖర్‌ల వ్యాసం అన్నిసార్లు ప్రస్తావనకు రావడం వల్లే దేశంలో మానసిక ఆరోగ్యానికి ఒక పరిమాణం కనబడింది. మంచి సైటేషన్ అంటే ఒక పరిశోధకుడు ఇంకొకరి మీద పెట్టిన నమ్మకం. నా బాధ ఏమిటంటే, ప్రస్తావించడానికి తగినంత స్థానిక సమాచారమే మనకు లేదు. 2015-16లో నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో పెద్దల్లో 10.6 శాతం మందికి చికిత్స అవసరమైన సమస్యలున్నాయని చెప్పింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. దక్షిణాది నుంచి తీసుకున్నవి తమిళనాడు, కేరళ. తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మొయినాబాద్‌లో కూర్చున్న విద్యార్థి తన థీసిస్ మొదటి పేజీలో ఆ 10.6ను ప్రస్తావిస్తే, అది తన ముందున్న రోగుల లెక్క కాదు.

దీనికి దారి చూపిన పని తెలుగు నేల మీదే జరిగింది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున పల్లబ్ మౌలిక్ బృందం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు తెలుగులో అడిగి, మార్కులు ఎక్కువ వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. ఆ ఫలితాలు అంతర్జాతీయ జర్నళ్లలో అచ్చయ్యాయి. అంటే సైటేషనూ వచ్చింది, చికిత్సా అందింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో అడగాల్సిన ప్రశ్నలకు కొదువ లేదు. నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో 84 గ్రామాల భూముల్ని దాదాపు కదలకుండా ఉంచింది. ఇప్పుడు ఆ పరిధిలో, చుట్టుపక్కల ఎకరం ధరలు ఎక్కడికో వెళ్లాయి. భూమి అమ్మిన ఇంట్లో, అమ్మని ఇంట్లో మనుషుల నిద్ర, తాగుడు, గొడవలు ఎట్లా ఉన్నాయో ఎవరు కొలవాలి? 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు ప్రాణాలతో బయటపడ్డవాళ్లు మళ్లీ ఆ రోడ్డు మీద బస్సెక్కగలుగుతున్నారా? పరిహారం చెక్కు తర్వాత వాళ్లను ఎవరన్నా మళ్లీ పలకరించారా? ఆటిజం ఉన్న పిల్లవాణ్ని ఈ ఊళ్లలో ఎన్నో ఏట గుర్తిస్తున్నారు? రెండో ఏట గుర్తిస్తే దక్కేది ఏడో ఏట దక్కదు కదా.

పీజీ చేసే ప్రతి వైద్య విద్యార్థీ ఒక థీసిస్ రాయాల్సిందే. కాళోజీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి ఏటా అవి చేరుతూనే ఉంటాయి. ఈ దారిలోని కాలేజీల మనోవైద్య విభాగాలు ఒక్కటై ఇవే ప్రశ్నలను పంచుకుంటే, ఒకే తెలుగు ప్రశ్నావళిని వాడితే, ఒకరి లెక్క పక్కన ఇంకొకరి లెక్క పెట్టి చూడొచ్చు. బేసిక్-ఎంఆర్, ఐసా లాంటి స్కేళ్లను రంగారెడ్డి, వికారాబాద్ పల్లెల యాసలో అడిగి, ఇక్కడి పిల్లల మార్కులతో సరిచూడాల్సిన పని ఇంకా మిగిలే ఉంది; ‘ఒకపారి’ అన్న తల్లి మాట అచ్చమైన పుస్తక భాషలో అడిగిన ప్రశ్నకు వచ్చేది కాదు. పదోన్నతి కమిటీలు కూడా తమ ఫారంలో ఒక గడి చేర్చాలి: మీరు తయారుచేసిన పరీక్షను, మాన్యువల్‌ను, శిక్షణ పుస్తకాన్ని ఏ ఆసుపత్రి, ఏ పాఠశాల వాడుతోంది? వాటి నుంచి ఒక ఉత్తరం జత చేయండి. 280 అంశాలు రాసినవారికి ఆ గడి ముప్ఫై ఏళ్ల కిందటే ఉండాల్సింది.